ఊరి పుట్టుక చెప్పే రాళ్ళు: బెంగళూరు చుట్టుపక్కల తిరిగేవాళ్ళకి

బెంగళూరు చుట్టుపక్కల ఏ పాత ఊరికి వెళ్ళినా గుడి ముందు రంగు బోర్డు ఒకటి ఉంటుంది. వెయ్యేళ్ళ నాటి దేవస్థానమనీ, చోళులు కట్టించారనీ, పాండవులు వనవాసంలో ఇక్కడే ఆగారనీ రాసి ఉంటుంది. అది చదివి దణ్ణం పెట్టుకుని వచ్చేస్తే పుణ్యం దక్కుతుందేమో గానీ ఊరి చరిత్ర దక్కదు. ఆ చరిత్ర ఊళ్ళోనే వేరే చోట్ల పడి ఉంటుంది. చెరువు తూము కంబం మీద, పొలం మూల, బస్టాపు వెనక వేపచెట్టు కింద, ఒక్కోసారి మురుగు కాలువ మీద అడ్డంగా పరిచిన బండ అడుగున.

వీటిని చదవడానికి లిపి పండితులే అయ్యుండాలని లేదు. తెలుగు చదవడం వచ్చినవాళ్ళకి కొంత పని ముందే అయిపోయినట్టు. ఎక్కడ వెతకాలి, ఏ వెలుతురులో చూడాలి, దేన్ని నమ్మకూడదు అన్నవి మిగిలిన పని. ఒక సంగతి మాత్రం మొదట్నుంచీ పట్టుకోవాలి: రాయి మీద ఏం రాసుందో ఎంత ముఖ్యమో, ఆ రాయి ఎక్కడ పాతి ఉందో అంతే ముఖ్యం.

ఊళ్ళో దిగగానే గుడికి కాదు, చెరువు గట్టుకి వెళ్ళాలి. బెంగళూరు ఉన్నది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, మిట్ట మీద. పెద్ద నది ఏదీ పక్కన లేదు. కురిసిన వాన పల్లానికి జారిపోతుంది. దాన్ని అడ్డుకట్ట వేసి ఆపుకున్న చోటే వరి పండింది, వరి పండిన చోటే ఊరు నిలిచింది. తిప్పసంద్ర, సింగసంద్ర, బొమ్మసంద్ర లాంటి పేర్లలోని సంద్రాలన్నీ సముద్రాలే. అంటే చెరువుకి పెట్టిన పేరు తర్వాత ఊరిదయింది. విభూతిపురలో 1307 నాటి తమిళ శాసనం ఒకటి ఉంది. అడవి కొట్టి, నేల చదును చేసి, చెరువు కట్టి, ఊరు నిలిపిన సంగతి అందులో కనిపిస్తుంది. ఈ ప్రాంతంలో ఊళ్ళు పుట్టిన క్రమం దాదాపు అన్నిచోట్లా అదే.

గట్టు ఎక్కాక ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవండి. మొదట తూము చూడాలి. పాత తూముకి చెరువు లోపలి వైపు రెండు నిలువు రాతి కంబాలు, వాటి మధ్య అడ్డ పలకలు ఉంటాయి. పలకల నడుమ బెజ్జం. పొడుగాటి కర్ర ఆ బెజ్జాల్లోంచి కిందికి దిగి, అడుగున నీళ్ళు పోయే కన్నానికి బిరడాలా కూర్చుంటుంది. కర్ర ఎంత పైకి లాగితే అంత నీరు. కట్టించినవాడి పేరు చెక్కితే ఈ కంబాల మీదే చెక్కేవాళ్ళు. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఏమీ కనబడదు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో, మొదటి వానలు పడకముందు వెళ్ళాలి. కంబం పైభాగంలో గజలక్ష్మి గానీ, పడగ విప్పిన పాము గానీ ఉంటే దాని కింది రెండు మూడు జానల మేర జాగ్రత్తగా చూడండి. బురద ఎండి పొరలా అంటుకున్న చోట చేతితో తడిమితే గీతలు తెలుస్తాయి.

తూము తర్వాత అలుగు. ఇక్కడివాళ్ళు కోడి అంటారు. అక్కడ అక్షరాలు దొరకడం తక్కువ, ఎందుకంటే వరద వచ్చినప్పుడల్లా తెగి, మళ్ళీ కట్టి, పాత రాళ్ళు చెల్లాచెదురవుతాయి. గట్టుకి బయటి వైపు, చెరువు కింద మొదటి మడులు మొదలయ్యే చోటు మాత్రం వదలొద్దు. చెరువు బాగోగులు చూసేవాడికి ఇచ్చిన మాన్యం రాయి అక్కడే నిలబెట్టేవాళ్ళు. చెరువు కట్టినందుకు ఇచ్చిన భూమి కట్టుగొడగె. చెరువు నిర్వహణకి విడిచిన భూమి బిట్టువట్ట. కట్టినవాడికి పదో వంతు వచ్చేలా రాసిచ్చింది దశబంధం. రాయలసీమ శాసనాల్లో దసవందం అని చూసేది ఇదే. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా, ఆ రాయి ఊరి ఆర్థికానికి పునాదిరాయి అనుకోవచ్చు. అగరలో దొరికిన 9వ శతాబ్ది శాసనం రాజు గొప్పల కన్నా చెరువులకి తూములు పెట్టించిన మాటే ఎక్కువ చెబుతుంది. ఈరోజు ఆ పేరు వింటే ఔటర్ రింగు రోడ్డు ట్రాఫిక్కే గుర్తొస్తుంది గానీ, పదకొండు వందల ఏళ్ళ కిందట అక్కడి ముఖ్య విషయం తూమే.

మడివాళ సోమేశ్వర గుడి బయటి గోడల మీద తమిళ శాసనాలున్నాయి. 1247 నాటి దాంట్లో వెప్పూరు, అంటే ఇప్పటి బేగూరు, వాసి ఇచ్చిన భూదానం ఉంది. అదే గుడి మరో శాసనంలో దానమిచ్చిన పొలం గుర్తు 'వెంగళూరు పెద్ద చెరువు కింద' అని. చిరునామా రాయడానికి వీధి పేరు లేదు, సర్వే నంబరు లేదు, చెరువు ఉంది. పాత శాసనంలో ఊరి పేరు అర్థం కాకపోయినా చెరువు, దాని దిక్కు పట్టుకుంటే ఆ పొలం ఎక్కడుండేదో నకాశా (ఊరి పటం) మీద వేలు పెట్టి చూపించవచ్చు. చెరువే పూడిపోతే ఈ ఆధారమూ పోతుంది. ధర్మాంబుధి మీద మెజెస్టిక్ బస్టాండు వచ్చింది, సంపంగి చెరువు మీద కంఠీరవ స్టేడియం వచ్చింది.

గట్టు మీదే కొన్నిచోట్ల వరసగా కూర్చున్న ఏడుగురు అమ్మవార్ల పలక కనిపిస్తుంది. ఊరివాళ్ళు అక్కమ్మలంటారు, పసుపు కుంకుమ అద్దుతారు. అవి సప్తమాతృకలు. వీరభద్రుడు ఒక కొసన, వినాయకుడు మరో కొసన ఉంటే పలక సంపూర్ణం. ఇలాంటి పలకలు చోళుల కన్నా ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన గంగుల, నొళంబుల కాలం నుంచీ ఉన్నాయి. అక్షరం లేకపోయినా సరే, చెరువు దగ్గర పాతకాలపు జనావాసం ఉండేదనడానికి గట్టి గుర్తు.

ఇక వీరగల్లు, అంటే పోరులో చచ్చిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన రాయి. బెంగళూరు పల్లెల్లో ఎక్కువగా దొరికేదీ, ఎక్కువగా తప్పు చదివేదీ ఇదే. మామూలు కొలత ఛాతీ ఎత్తు పలక. మూడు అంతస్తులుంటే కింద పోరు, మధ్యలో వీరుణ్ణి అప్సరసలు పైకి తీసుకుపోవడం, పైన లింగం ముందు కూర్చోవడం. అక్షరాలు ఈ అంతస్తుల మధ్య పట్టీల మీద ఉంటాయి. గంగుల కాలం నాటివి చాలామటుకు అంతస్తులు లేకుండా ఒకే దృశ్యంగా ఉంటాయి. రాత పైభాగంలో, బొమ్మ తల చుట్టూ, ఖాళీ దొరికిన చోటల్లా తిరుగుతుంది. కాబట్టి మూడు అంతస్తులు లేవని 'అసంపూర్ణం' అని రాసుకోకండి.

పోరు దేనికోసమో కింది భాగమే చెబుతుంది. బొమ్మలో పశువుల మంద ఉంటే అది తుఱుగోళ్, అంటే మందల్ని తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడు. ఊరి మీద పడి కొల్లగొడితే ఊరళివు. ఆడవాళ్ళని ఎత్తుకుపోతుంటే పెణ్‌బుయ్యల్. పులితోనో పందితోనో కలబడి పోయినవాడికీ రాయి వేశారు. కస్తూర్బా రోడ్డు మ్యూజియంలోని ఆతకూరు రాయి అలాంటిదే. మండ్య జిల్లా నుంచి తెచ్చిన ఆ 949 నాటి శాసనం అడవిపందితో పోరాడి చచ్చిన కాళి అనే కుక్క కోసం. యుద్ధమంటే రాజులిద్దరి మధ్య అనుకుంటాం గానీ, ఊళ్ళలోని వీరగల్లుల్లో ఎక్కువభాగం ఆవుల గొడవలే. అది చిన్న విషయమేమీ కాదు. మందలు పోతే దుక్కి ఆగుతుంది, ఎరువు ఆగుతుంది, ఊరే లేచిపోతుంది.

హెబ్బాళ రాయి తీసుకోండి. 2018లో వెలుగులోకి వచ్చింది, 8వ శతాబ్ది మధ్యకాలానిది, గంగరాజు శ్రీపురుషుడి ఏలుబడి నాటిది. రాష్ట్రకూటులు మీద పడ్డప్పుడు పోరాడి కిత్తయ్య చనిపోయాడని అందులో ఉంది. మనకి పనికొచ్చే ముక్క 'పెర్బొళల్నాడు 30' అన్నది, అంటే హెబ్బాళ పేరుతో ముప్ఫై ఊళ్ళ నాడు. అంటే అప్పటికే హెబ్బాళ ఒంటరి పల్లె కాదు, ఒక నాడుకి పేరిచ్చిన ఊరు. రాజు పేరు, వీరుడి పేరు చదివి వదిలేస్తే ఈ ముప్ఫై జారిపోతుంది. నాడు పేరు పక్కన అంకె ఎక్కడ కనిపించినా ముందు దాన్ని రాసుకోండి.

బేగూరు ఇంకో మెట్టు పైకి తీసుకెళ్తుంది. నాగేశ్వర గుడి ఆవరణలోని సుమారు 890 నాటి వీరగల్లు 'బెంగుళూరు కాళగం', అంటే బెంగుళూరు పోరు, గురించి మాట్లాడుతుంది. అందుకే ఆ రాయికి అంత పేరు. హొయ్సళ రాజుకి ముసలమ్మ ఉడికించిన చిక్కుడు గింజలు పెడితే ఊరికి ఆ పేరు వచ్చిందన్న కథ కన్నా ఆ రాయి రెండు మూడు వందల ఏళ్ళు పెద్దది. కానీ ఊరి చరిత్ర కోసం చూసేవాళ్ళకి అంతకన్నా విలువైనది బేగూరు నుంచే మ్యూజియానికి చేరిన పెద్ద వీరగల్లు. ఏనుగులు, గుర్రాలు, బాణాలు తగిలి ఒరిగిపోతున్న మనుషులతో కిక్కిరిసిన పలక అది. చూసినవాళ్ళు బొమ్మలు చూసి వచ్చేస్తారు. రాత ఏమంటుందంటే, తుంబెపాడి పోరులో నాగత్తరుడు చనిపోతే, ఆ సంగతి విన్న గంగరాజు ఎఱెయప్ప ఇరుగుడికి నాగత్తర పట్టం కట్టి 'బెంపూరు 12'ని, అంటే బేగూరు పేరుతో ఉన్న పన్నెండు ఊళ్ళని, కల్నాడుగా ఇచ్చాడు. ఆ తర్వాత ఆ ఊళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి: బెంపూరు, తొవగూరు, నల్లూరు... సుమారు 900 నాటి దక్షిణ బెంగళూరు ఊళ్ళ జాబితా మనకి ఒక చావు కబురు చివర దొరుకుతోంది. రాయి చోటు మారినా ఇక్కడ నష్టం తక్కువ, చోట్ల పేర్లు అందులోనే ఉన్నాయి కాబట్టి. అన్ని రాళ్ళకీ ఆ అదృష్టం లేదు.

కల్నాడు, బాళ్గళ్చు, నెత్తురుగొడగె ఇవన్నీ పోరులో చూపిన తెగువకి వీరుడికో, చచ్చిపోతే అతని ఇంటివాళ్ళకో ఇచ్చిన భూములే. ఈ మాటల పక్కన కొలత ఉంటుంది. ఖండుగ అంటే ఇరవై కొళగలు. అంత విత్తనం పట్టే నేల అని లెక్క. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. విత్తనం లెక్క కాబట్టి, చెరువు కింది గద్దెలో (వరి మడిలో) ఒక ఖండుగకీ మెట్ట చేలో ఒక ఖండుగకీ విస్తీర్ణం ఒకటి కాదు, మెట్టది చాలా పెద్దది. ఎకరాల్లోకి మార్చి రాసే ముందు రాతలో గద్దె అనుందో బెద్దలు (మెట్ట) అనుందో చూసుకోండి. ఏదీ తేలకపోతే ఖండుగ అనే వదిలేయడం మేలు.

వీరగల్లు పక్కనే ఒక కంబం, దాంట్లోంచి మోచేతి దగ్గర పైకి వంగిన చెయ్యి, చేతినిండా గాజులు, వేళ్ళ మధ్య నిమ్మకాయ కనిపిస్తే అది మాస్తిగల్లు. సహగమనం చేసిన స్త్రీ గుర్తు. ఇప్పుడు చాలాచోట్ల అది మాస్తమ్మ గుడి. దగ్గర్లోనే భర్త వీరగల్లు కోసం వెతకండి. రెండూ వేర్వేరు చోట్ల ఉంటే, ఏదో ఒకటి కదిలిందనే మొదటి అనుమానం.

పొలాల్లో మోకాలెత్తు రాళ్ళుంటాయి, అక్షరం ఒక్కటీ ఉండదు, పైన బొమ్మ మాత్రం ఉంటుంది. ఇవి హద్దురాళ్ళు. లింగం, పక్కన సూర్యచంద్రులు ఉంటే శివాలయానికి విడిచిన భూమి. గొడుగు, కమండలం పట్టిన వామనుడుంటే బ్రాహ్మణులకో విష్ణ్వాలయానికో ఇచ్చింది. శంఖచక్రాలు విష్ణుమాన్యం. మూడు గొడుగులు ఒకదాని మీద ఒకటి ఉంటే జైన బసదిది. ఒక్క హద్దురాయి ఏమీ చెప్పదు. నాలుగు దొరికితే మాన్యం ఆకారమే తెలుస్తుంది. దొరికిన ప్రతి దాని స్థానం ఫోనులో గుర్తు పెట్టుకుని, గ్రామ నకాశా మీద వేసి చూడండి. కర్ణాటక ప్రభుత్వం వాళ్ళ దిశాంక్ యాప్‌లో నిలబడ్డ చోటు సర్వే నంబరు వస్తుంది, ఆ నంబరు హద్దులు రాళ్ళ గీతకి అతికాయా లేదా చూడొచ్చు. బొమ్మలున్న పాత హద్దురాయికీ, రెవెన్యూ సర్వే పాతిన బాందురాయికీ తేడా తెలియకపోతే లెక్కంతా తారుమారవుతుంది. బాందురాయికి బొమ్మ ఉండదు, పైన గాట్లు మాత్రం ఉండొచ్చు. చదరం గీసి బాణం గుర్తు, పక్కన జీటీఎస్ అక్షరాలుంటే అది బ్రిటిష్ సర్వేవాళ్ళ ఎత్తు గుర్తు, ఊరి పుట్టుకకి దానితో సంబంధం లేదు.

మన వైపు ఊరి నడుమ బొడ్రాయి ఉన్నట్టే ఇక్కడి పల్లెల్లో కరగల్లు ఉంటుంది. ఊరు కట్టేటప్పుడు మొదట పాతిన రాయి. పాత ఊరు వదిలి పక్కకి జరిగితే కరగల్లు అక్కడే, చేలో మిగిలిపోతుంది. రెవెన్యూ దస్తావేజుల్లో 'బేచిరాక్ గ్రామం' అని రాసున్న పేర్లు ఇలాంటివే. మనుషులు లేరు, పేరు, హద్దులు మాత్రం ఉన్నాయి. కరువో, జ్వరాలో, దోపిడీలో కారణం ఏదైనా ఊరు లేచిపోయింది. శాసనంలోని ఊరు ఎంత వెతికినా దొరక్కపోతే, తాలూకా గ్రామాల జాబితాలో బేచిరాక్ పేర్లు చూడండి. సగం సార్లు అక్కడుంటుంది.

ఇక చదవడం. 9వ శతాబ్ది నాటి రాతి ముందు నిలబడితే మనకి అది తెలుగులా కనిపిస్తుంది. 'ఇదిగో తెలుగు శాసనం' అని ఫోటో పెట్టి కన్నడిగులతో తగువు తెచ్చుకునేవాళ్ళు బెంగళూరు తెలుగువాళ్ళలో తక్కువేమీ లేరు. అప్పటికి రెండు భాషలకీ దాదాపు ఒకటే లిపి. భాష ఏదో తేల్చేది క్రియలు, విభక్తులు. అక్షరాల గుండ్రదనం కాదు. బెంగళూరు జిల్లాలో దొరికేవి ప్రధానంగా కన్నడం, తమిళం. తెలుగు రాతలు ఉత్తరానికీ తూర్పుకీ, చింతామణి, బాగేపల్లి వైపు పోయేకొద్దీ పెరుగుతాయి. తమిళం కనబడగానే చోళులనడం కూడా తొందరపాటే. చోళులు సుమారు 1004లో గంగవాడి పట్టుకున్న మాట నిజమే, 1116లో హొయ్సళ రాజు విష్ణువర్ధనుడు వాళ్ళ నుంచి తలకాడు తీసుకున్నాడు. కానీ ఆ తర్వాత కూడా హొయ్సళులే అయిన రామనాథుడి కాలంలో, మూడో బల్లాళుడి కాలంలో తూర్పు బెంగళూరు శాసనాలు తమిళంలోనే నడిచాయి. దొమ్మలూరు చొక్కనాథ గుడి చూడండి. ఊరి పేరు 'దేశిమాణిక్క పట్టణమైన తొంబలూరు' అని, మండలం పేరు నిగరిలిచోళ మండలం అని ఉంటుంది. ఆ రాతలు 13వ శతాబ్దివి. ఏలేవాడు మారినా పాత పరగణా పేరు కరణాల కలంలో మిగిలిపోయింది.

అక్షరం పట్టుకునేటప్పుడు నాలుగు చిక్కులు. మాటల మధ్య ఖాళీ ఉండదు. పంక్తి చివర మాట సగంలో తెగుతుంది. ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపరు. బండి ఱ కాక, మనం ఎప్పుడో వదిలేసిన ఴ కూడా ఉంటుంది, దాన్ని ళ అని చదివేస్తాం. మొదటి పంక్తి మాత్రం తరచూ తెలిసిన సూత్రమే కాబట్టి అక్కణ్ణించి మొదలెట్టండి. 'నమస్తుంగ శిరశ్చుంబి' అంటే శైవం. 'శ్రీమత్పరమగంభీర' అంటే జైనం. 'స్వస్తిశ్రీ జయాభ్యుదయ శాలివాహన శకవరుషంబులు' అంటే విజయనగర కాలమో ఆ తర్వాతో. చివరి పంక్తులూ సూత్రమే: గంగ ఒడ్డున కపిలగోవుని చంపిన పాపానికి పోతారనో, 'స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం' అనో. తాను ఇచ్చిందైనా పరులిచ్చిందైనా భూమి లాక్కున్నవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడన్న శ్లోకం అది. ఈ రెండు కొసల్లో మీకు తెలిసిన మాటల్లో అక్షరాల రూపం చూసి ఒక పట్టీ రాసుకుంటే, మధ్యలోని తెలియని పేర్లకి అదే తాళంచెవి. పేర్లు, కొలతలు, దిక్కులు ఉండేది మధ్యలోనే.

తేదీ లెక్క తేలిక, జాగ్రత్త మాత్రం కావాలి. శక సంవత్సరానికి 78 కలపాలి. పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం అయితే 79, ఎందుకంటే అప్పటికి ఇంగ్లీషు ఏడాది మారిపోతుంది. సరిచూడ్డానికి సంవత్సరం పేరుంది. శక 1459, హేవిళంబి అని ఉందనుకోండి. 1537 వస్తుంది. మొన్న 2017-18 హేవిళంబి. రెంటికీ మధ్య 480 ఏళ్ళు, అరవైతో సరిగ్గా పోతుంది, అంటే అంకె సరే. కెంపేగౌడ కోట కట్టిన ఏడాదిగా చెప్పేది ఇదే 1537. శక 1460 హేవిళంబి అని ఉన్నా కంగారు పడొద్దు, గడిచిన ఏళ్ళు కాక నడుస్తున్న ఏడు లెక్కేశారు, అప్పుడు ఒకటి తగ్గించాలి. అరిగిన రాతి మీద ౨కీ ౩కీ తేడా తెలియక 1429 అనో 1439 అనో తేలకపోతే పేరే తీర్పు చెబుతుంది: ప్రభవ అయితే మొదటిది, ఈశ్వర అయితే రెండోది. చోళుల రాతల్లో శకం తరచూ ఉండదు, రాజుకి ఎన్నో ఏడు అని మాత్రం ఉంటుంది. రాజరాజుకి 985 నుంచి, రాజేంద్రుడికి 1012 నుంచి లెక్క. గంగుల వీరగల్లుల్లో అదీ లేనివి బోలెడు. అప్పుడు లిపి రూపం బట్టి 'సుమారు' అని రాయాలి. బోర్డుల మీద ఆ 'సుమారు' ఎగిరిపోయి గట్టి తేదీ అయి కూర్చోవడం రోజూ జరిగేదే.

వెలుతురు సంగతి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో పనికిరాదు. రాతి మీద అక్షరం లోతు ఎక్కువ ఉండదు. ఎండ ఎదురుగా పడితే నీడ రాదు, నీడ రాకపోతే గీత కనబడదు. పొద్దున్నో సాయంత్రమో, ఎండ పలక మీద ఏటవాలుగా జారుతున్నప్పుడు చూడాలి. అన్నిటికన్నా మేలైనది చీకటిపడ్డాక టార్చి. దాన్ని రాతికి దాదాపు ఆనించినట్టు, పది పదిహేను డిగ్రీల వాలులో పట్టుకుని, ఎడమ, కుడి, పైన, కింద నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫోటో. కెమెరా కదలకూడదు, టార్చి మాత్రమే తిరగాలి. ఎడమ వెలుగులో నిలువు గీతలు లేస్తాయి, పై వెలుగులో అడ్డగీతలు, తలకట్లు లేస్తాయి. ఒక్క వైపు చూసి చదివితే తలకట్టు మాయమై ఒక అక్షరం మరొకటి అయిపోతుంది. ఫ్రేములో సెంటీమీటర్ల స్కేలు పెట్టండి. ఎత్తు, వెడల్పు, మందం కొలిచి, రాత ఏ దిక్కుకి చూస్తోందో రాసుకోండి. ఓపిక ఉంటే చుట్టూ తిరుగుతూ ఒకదాని మీద ఒకటి మూడొంతులు కలిసేలా ఓ యాభై ఫోటోలు తీస్తే ఫోనులోనే త్రీడీ రూపం కట్టొచ్చు. బెంగళూరు శాసనాలని మిథిక్ సొసైటీ అనే ఇక్కడి పరిశోధన సంస్థవాళ్ళు ఇలా త్రీడీ స్కాను చేస్తున్నారు. కంటికి ఆనని అక్షరాలు దాంట్లో తేలుతున్నాయి.

రాతి మీద సుద్ద పూయొద్దు, మైదా పూయొద్దు. సుద్ద పూసినవాడు తాను అనుకున్న అక్షరాన్నే దిద్దుతాడు, తర్వాత వచ్చినవాళ్ళంతా ఆ తప్పునే చదువుతారు. మైదాకి చీమలు, బూజు. ఇనుప బ్రష్షు, యాసిడ్ మాట అసలే వద్దు. నీళ్ళు, మెత్తటి బ్రష్షు, అంతే. సున్నం పొరలున్నచోట కత్తితో గీరితే పొరతో పాటు రాతి పెచ్చు కూడా లేస్తుంది. పూజలో ఉన్న రాతికి నూనె, పసుపు పట్టి నల్లగా గట్టిపడి ఉంటుంది. పూజారిని అడిగి, అభిషేకం అయి తుడిచిన వెంటనే చూడ్డమే ఉపాయం. అన్నిటికన్నా చెడ్డది ఎనామెల్ రంగు. భక్తితోనే వేస్తారు, గీతలు నింపేస్తుంది. సగం పూడిన రాతిని తవ్వొద్దు. చట్టప్రకారం వందేళ్ళు దాటిన శాసనం పురావస్తువు, అదొక్కటే కాదు. తవ్వితే పక్క మట్టిలోని పెంకులు కలిసిపోయి, రాయి అక్కడే పాతిందా తెచ్చి వేసిందా అన్నది ఇంకెప్పటికీ తేలదు.

కదిలిన రాయిని పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. రాత తలకిందులుగా ఉంటే, గోడకేసి తిరిగి ఉంటే, అడుగున పాతడానికి వదిలిన చెక్కని భాగం పైకి కనిపిస్తుంటే అది కదిలిందే. సిమెంటు దిమ్మెలో నిలబెట్టినవన్నీ కదిలినవే. అప్పుడు ఊళ్ళో డెబ్భై దాటిన పెద్దల్ని అడగాలి. 'ఈ రాయి ఎప్పటిది' అని అడిగితే పాండవులంటారు. 'మీ చిన్నప్పుడు ఇది ఎక్కడుండేది' అని అడగండి, సరైన జవాబు వస్తుంది.

ఇంటికొచ్చాక పుస్తకం. లూయిస్ రైస్ అచ్చు వేయించిన శాసనాల సంకలనం ఎపిగ్రాఫియా కర్ణాటికా 9వ సంపుటం బెంగళూరు జిల్లాది, 10వది కోలారుది, రెండూ 1905లో వచ్చాయి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. శాసనాలు తాలూకా వారీగా, ఒక్కో తాలూకాకి పొట్టి పేరు, వరస అంకె. మూలపాఠం, రోమన్ లిపిలో పాఠం, ఇంగ్లీషు అనువాదం మూడూ విడివిడి భాగాల్లో ఉంటాయి కాబట్టి అంకె పట్టుకుని మూడు చోట్లా తిప్పాలి. అనువాదం మాత్రమే చదివి ఆగిపోకండి; రైస్ కొన్నిచోట్ల కొలతల్ని, హద్దుల వివరాన్ని కుదించి ముందుకు పోతాడు, ఊరి చరిత్రకి కావలసిందేమో అదే. ఆయన కాలం తాలూకాలు ఇప్పటివి కావు, ఊరి పేర్ల స్పెల్లింగులూ కావు. పేరుతో దొరక్కపోతే చుట్టుపక్కల ఊళ్ళ అంకెలు చూస్తే మధ్యలో తగులుతుంది. ఆ తర్వాత దొరికినవి మైసూరు పురావస్తు శాఖ వార్షిక నివేదికల్లో ఉన్నాయి. హెబ్బాళ కిత్తయ్య లాంటివారు ఇంకా తర్వాత వచ్చినవారు.

అసలు రాతికీ, తర్వాత పెట్టిన ఫలకానికీ తేడా తెలుసుకోవడానికి దేవనహళ్ళి మంచి చోటు. విమానాశ్రయం దాటగానే ఉంటుంది. మల్లబైరేగౌడ 1501లో మట్టికోట కట్టాడంటారు, హైదర్, టిప్పుల కాలంలో రాతికోట అయింది, 1791లో కారన్‌వాలిస్ పట్టుకున్నాడు. కోటకి దగ్గర్లోనే టిప్పు పుట్టిన చోటని చిన్న స్తంభాల మంటపం, అందులో ఫలకం. ఆ ఫలకం పుట్టిన నాటిది కాదు, జ్ఞాపకానికి తర్వాత పెట్టింది. చెప్పేది నిజమే కావచ్చు, కానీ దాని సాక్ష్యం వీరగల్లు సాక్ష్యం లాంటిది కాదు. పక్కనే ఆవతి. కంచి వైపు నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన గౌడులు అక్కడ దిగారనీ, దేవనహళ్ళి, బెంగళూరు పాలెగాళ్ళంతా ఆ కుదురువాళ్ళనీ కథ. కథని కొట్టిపారేయనక్కర్లేదు, వలస వచ్చిన దారి అలాంటి కథల్లోనే నిలుస్తుంది. కాకపోతే ఆ గౌడులు వచ్చేటప్పటికి ఈ చుట్టుపక్కల తూములు, మాన్యాలు, వీరగల్లులు ఉండనే ఉన్నాయి. ఖాళీ అడవిలో ఊరు పెట్టారన్న ముక్క దగ్గర మాత్రం ఆగి, చెరువు గట్టు చూసి రండి.

పుస్తకంలో లేని రాయి దొరికితే నాలుగు వెలుగుల ఫోటోలు, కొలతలు, స్థానం, పెద్దలు చెప్పిన పాత చోటు ఒక కాగితం మీద పెట్టి, రాష్ట్ర పురావస్తు శాఖకీ, గ్రామ పంచాయితీకీ ఒక్కో ప్రతి ఇవ్వండి. పంచాయితీ ప్రతి ఎందుకంటే, రాయి దిమ్మె కింద పోయేది కాలువ పని, రోడ్డు పని జరిగేటప్పుడే, ఆ పని చేయించేది వాళ్ళే. ఏ ఊరు ముందు అన్న సందేహం వస్తే, రోడ్డు వెడల్పు కోసం గోడల మీద ఎర్ర రంగు గీతలు పడ్డ ఊరు ముందు చూడండి. మిగతావి వచ్చే ఎండాకాలం దాకా ఆగుతాయి.